మోదీ సుంకం తీస్తే మా కాక పత్తికి ఏమైతది? ఒక రీసెర్చ్ పిల్ల ముచ్చట

2025 దసరాకు ఊరికి పోయిన. జమ్మి పెట్టనీకి మా కాక ఇంటికి పోతే, ఆకు చేతుల పెట్టకముందే అడిగిండు. "బిడ్డా, ఐదేండ్లాయె పట్నంల చదువవట్టి. ఏం చదువుతున్నవో ఇప్పటికీ నాకు సమజ్ కాలె. టీచర్ చదువా, గ్రూప్స్ చదువా?"

"అంతర్జాతీయ సంబంధాలల పీహెచ్‌డీ కాకా" అన్న.

"అంటే?"

"దేశాలు ఒకదాంతోని ఒకటి ఎట్ల మెలుగుతయి, ఎందుకు కొట్లాడుకుంటయి, యాపారం ఎట్ల చేస్తయి... గవ్వి."

కాక నవ్విండు. "మన ఊర్ల రెండు వాడలకే పడుత లేదు, నువ్వు దేశాల పంచాయితీ తెంపుతవా?" అందరు నవ్విండ్రు, నేను సుత నవ్విన. గని వాపస్ బస్సుల కూసున్నంక ఆ మాట మతికొస్తనే ఉన్నది. ఎందుకంటే నా థీసిస్ మా కాక చేను మీదనే. పత్తి మీద. ఆయనకు ఆ ముచ్చట నేను తెలుగుల ఎన్నడూ చెప్పలె. గందుకే ఇది రాస్తున్న. ఆదిలాబాద్ దిక్కు, వరంగల్ దిక్కు, నల్లగొండ దిక్కు పత్తి పెట్టే ఇండ్లల్ల పుట్టి ఫోన్ల ఇది చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు సుత.

ముందుగాల 2025 ఆగస్టుల ఏం జరిగిందో వరుసగ చూద్దాం.

రష్యా, ఉక్రెయిన్ మీద 2022ల యుద్ధం మొదలువెట్టింది. యూరప్, అమెరికా రష్యాను బందువెట్టినయి. రష్యా తన చమురు ధర తగ్గించి అమ్మింది, మన దేశం కొన్నది. మూడేండ్లయినంక, 2025 ఆగస్టుల ట్రంప్ మన సరుకుల మీద ముందు 25 శాతం సుంకం ఏసిండు, అది 7వ తారీఖు నుంచి నడిచింది. రష్యా చమురు కొంటున్నరని ఇంకో 25 శాతం కలిపిండు, అది 27వ తారీఖు నుంచి. మొత్తం 50. దీనికి ఆయన వాడింది 1977 నాటి ఎమర్జెన్సీ అధికారాల చట్టం. అంటే చమురు కొనుడును వాళ్లు యాపారం లెక్కల రాయలె, దేశ భద్రత లెక్కల రాసిండ్రు.

మనదేశం బట్టలకు అమెరికా అన్నిటికంటె పెద్ద గిరాకి. తిరుప్పూర్‌ల అంగీలు కుట్టేటోళ్లకు ఆర్డర్లు ఆగినయి. మిల్లులోళ్లు ఢిల్లీకి పోయి, "మాకు దూది అగ్గువకు దొరికేటట్టు చెయ్యండి, లేకుంటే మునుగుతం" అన్నరు. బయటి దేశాల దూది మీద 2021 బడ్జెట్‌ల పెట్టిన సుంకం ఒకటి ఉండె. 5 శాతం కస్టమ్స్, 5 శాతం ఎవుసం సెస్సు, ఆ రెంటి మీద సర్‌ఛార్జీ, అన్నీ కలిపి 11 శాతం. కేంద్రం ఆగస్టు 19 నుంచి దాన్ని తీసేసింది. ముందు సెప్టెంబర్ 30 దాకనే అన్నరు. పది రోజులు తిరగకముందే డిసెంబర్ 31 దాక పొడిగించిండ్రు.

ఈ రెండో తారీఖు కాడ ఒక్క నిమిషం ఆగుండ్రి. సెప్టెంబర్ 30 అంటే మనకు పెద్ద రంది లేదు, అప్పటికి మన చేన్లల్ల పత్తి ఇంకా సరిగ పలగదు. డిసెంబర్ 31 అంటే దసరా నుంచి సంక్రాంతి ముందు దాక, మొదటి ఏరుడు, రెండో ఏరుడు, అప్పులోడు ఇంటి ముందు నిలబడే దినాలు, అన్నీ అండ్లనే. ఉక్రెయిన్‌ల పడ్డ బాంబు, వాషింగ్టన్‌ల సంతకం, తిరుప్పూర్‌ల ఆగిన మిషిన్, ఢిల్లీల ఒక నోటిఫికేషన్, ఆఖరికి మా కాక పత్తి సంచి. అంతర్జాతీయ సంబంధాలు, భద్రత, వాణిజ్య విధానం అని మా డిపార్ట్‌మెంట్‌ల మూడు వేరే వేరే పేపర్లుగ చెప్తరు. పత్తి సంచిల మూడూ ఒక్కటే.

మరి ఈ 11 శాతం మన క్వింటాల్‌కు ఎంతవడ్తది? నేను నోట్ బుక్కుల ఏసుకున్న లెక్క చెప్త. ఇది అంచనా లెక్క, గీత గీసినట్టు నిజం గాదు.

న్యూయార్క్ మార్కెట్ల దూది ధర పౌండు లెక్క చెప్తరు. 66 సెంట్లు అనుకుందాం, ఆ ఏడాది దాని సుట్టుముట్టే తిరిగింది. కిలోకు ఏస్తే డాలర్ 45 సెంట్ల చిల్లర. డాలర్‌కు 87 రూపాయలు పట్టుకుంటే కిలో దూది 126 రూపాయలు. ఒక క్వింటాల్ పత్తిని జిన్నింగ్ పడితే 34 కిలోల దూది, 64 కిలోల గింజ వస్తయనుకుందాం, మిగిలింది తరుగు. 34 కిలోల దూదికి 4,284 రూపాయలు. గింజ కిలోకు 35 అనుకుంటే 2,240. రెండూ కలిపితే 6,524. అండ్ల నుంచి జిన్నింగ్ కూలి, బండి కిరాయి, యాపారి లాభం తీసెయ్యాలె. ఇగ 11 శాతం సుంకం ఉంటే బయటి దూది అంత పిరం అయితది, అంటే మన 34 కిలోల దూది విలువ 471 రూపాయలు పెరుగతది.

సుంకం ఉంటే ఆ 471 రూపాయల ఆసరా ఉంటది. తీసేస్తే పోతది. ఐదెకరాలు, ఎకరాకు ఏడు క్వింటాళ్ల లెక్క 35 క్వింటాళ్లు, పదహారు వేల ఐదువందల దగ్గర. ఒక సీజన్ ఏరుడు కూలిల పెద్ద వాటా అది. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110. సీసీఐకి అమ్మినోనికి ఈ సుంకం తోని నేరుగ పని లేదు, మద్దతు ధర వస్తది. గని ఫోన్ల స్లాట్ బుక్ చేసుకోవాలె, తేమ 12 శాతం దాటొద్దు, కౌలు రైతుకు కాయితం ఉండాలె. ఇవి దాటలేనోడు ప్రైవేటుకు పోతడు. సుంకం దెబ్బ తగిలేది గానికే. కౌలోనికి, వాన ల తడిసినోనికి, అప్పు తీర్చనీకి ఆగలేనోనికి.

ఈ లెక్క తీస్కపోయి మా గైడ్ సార్‌కు చూపించిన. శానా ఖుషీగ ఉన్న ఆ రోజు. సార్ మొత్తం చూసి ఒక్క సవాల్ అడిగిండు: "ధర పడ్డది సుంకం తీసినందుకే అని ఎట్ల చెప్తవు?"

నా దగ్గర జవాబు లేకపాయె.

ఎందుకంటే అదే ఏడు ప్రపంచంల దూది ధరే కింద ఉన్నది. వానలు ఎక్కువ వడి తేమ పెరిగింది. సీసీఐ తన గోదాముల ఉన్న దూది ధర తగ్గించింది. అమెరికా ఆర్డర్లు ఆగి మిల్లుల కొనుడే తగ్గింది. ఇవన్నీ ఒక్కసారే అయినయి. పైంగ, బయటి దూది నిజంగ ఓడల దిగితేనే మన ధర పడాలె అని లేదు. "రేపు అగ్గువకు వస్తది" అన్న మాటకే యాపారి ఇయ్యాల ధర తగ్గిస్తడు. మరి ఆ మాట ధరను ఎట్ల కొలుస్తవు? టీవీల ఒకాయన "సుంకం తీసి రైతును ముంచిండ్రు" అంటడు, ఇంకొకాయన "సుంకానికి ధరకు సంబంధమే లేదు" అంటడు. ఇద్దరికీ రుజువు అక్కరలేదు. మాకు కావాలె. రీసెర్చ్ అంటే ఏందని ఎవలన్న అడిగితే నేను గిదే చెప్త: నీకు నచ్చిన మాట నిజమా కాదా అని నువ్వే పట్టుబట్టి చూసుకునుడు.

ఒక మాట నిజాయితీగ చెప్పాలె. మిల్లులోళ్ల బాధ సుత ఉత్తది గాదు. తిరుప్పూర్‌ల కుట్టేటోళ్లల్ల మన లెక్కటి ఊర్ల నుంచి పోయిన ఆడపిల్లలు లక్షల మంది ఉన్నరు. బంగ్లాదేశ్, వియత్నాం ఫ్యాక్టరీలు సుంకం లేని దూదితోని కుడుతుంటే మనోళ్లు పదకొండు శాతం కట్టి పోటీవడాలె. నా కోపం సుంకం తీసినందుకు గాదు. తీసేటప్పుడు, "మరి ప్రైవేటుకు అమ్ముకునే రైతుకు ఆ నాలుగువందల డెబ్బై ఎవలిస్తరు?" అని అడిగేటోడు ఆ గదిల లేకపాయె, గందుకు.

ఇగ డబ్ల్యూటీవో ముచ్చట. ప్రపంచ వాణిజ్య సంస్థ, జెనీవాల ఉంటది, 1995ల మొదలైంది. అండ్ల ఒక లెక్క ఉన్నది, అది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలె.

మద్దతు ధర ఇచ్చుడును వాళ్లు సబ్సిడీ కింద లెక్కవెడ్తరు. మన లెక్కటి దేశానికి, ఒక పంట విలువల 10 శాతం దాటొద్దు. మరి ఎంతిస్తున్నమో ఎట్ల తెలుస్తది? మద్దతు ధరల నుంచి ప్రపంచ ధర తీసెయ్యాలె. సరే, బాగనే ఉన్నది. గని ఏ ఏడాది ప్రపంచ ధర? 1986 నుంచి 88 దాక ఉన్న ధర! అప్పటికి నేను పుట్టలె, మా బాపుకు పెండ్లి కాలె. ఆ ధరను గట్లనే గడ్డకట్టిచ్చి పెట్టిండ్రు. అప్పుడు డాలర్‌కు 13 రూపాయల దగ్గర ఉండె. విత్తనం, డీజిల్, కూలి ఎంత పెరిగినా ఆ ధర కదలదు. మాటవరుసకు అప్పటి ధర వెయ్యి రూపాయలు, ఇప్పటి మద్దతు ధర ఎనిమిది వేలు అనుకోండ్రి, ఏడు వేలు "సబ్సిడీ" అని రాసుకుంటరు. అండ్ల ఎంత భాగం ఉత్త రూపాయి విలువ పడిపోయినందుకో అడగరు.

2018 నవంబర్‌ల అమెరికా డబ్ల్యూటీవోల ఒక కాయితం పెట్టింది. ఇండియా పత్తికి ఇచ్చే మద్దతు 10 శాతం గాదు, ఏడును బట్టి 53 నుంచి 81 శాతం ఉన్నదని. ఆ కాయితం ఆన్‌లైన్‌ల ఎవలన్న చదువొచ్చు. చదివితే రెండు కిటుకులు కనవడ్తయి. ఒకటి, లెక్క రూపాయలల్ల ఏసిండ్రు, మనదేశం డాలర్లల్ల ఏస్తది. రెండోది, సీసీఐ కొన్న పత్తికి కాకుండ దేశంల పండిన పత్తి మొత్తానికి ఏసిండ్రు. వంద క్వింటాళ్లు పండితే సర్కారు పది కొన్నా, "వందకూ ధర భరోసా ఉన్నది గద" అని వాళ్ల వాదన. అన్యాయం అనిపిస్తది. నాకు సుత అనిపించింది. గని 2000ల కొరియా గొడ్డుమాంసం కేసుల వచ్చిన పాత తీర్పు ఈ విషయంల అమెరికా దిక్కే మొగ్గుతది. ఇది నాకు నచ్చని నిజం, థీసిస్‌ల రాయక తప్పలె.

అమెరికా ఏమన్న తక్కువదా అంటే, కాదు. తన పత్తి రైతులకు గుమ్మరించిన సబ్సిడీల మీద బ్రెజిల్ 2002ల కేసు ఏసింది. 2004ల గెలిచింది, 2005ల అప్పీలుల సుత గెలిచింది. అమెరికా ఏం చేసిందో తెలుసా? తన సబ్సిడీ పద్ధతి మార్చుకునే బదులు 2010 నుంచి బ్రెజిల్ పత్తి రైతుల సంస్థకు ఏడాదికి 14 కోట్ల 73 లక్షల డాలర్లు ఇచ్చుకుంట పోయింది. నా పొలంల నేను చేసేది చేస్త, నువ్వు సప్పుడు చెయ్యకు, ఇగో పైసలు అన్నట్టు. ఆఖరికి 2014ల ఇంకో 30 కోట్ల డాలర్లు ఇచ్చి కేసు తెంపుకున్నది. ఆఫ్రికాల బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీ దేశాల రైతులది సుత అదే బాధ. గని వాళ్ల దగ్గర కేసు నడిపేటంత లాయర్లు, పైసలు లేకపాయె. వాళ్లకు ఏమీ రాలె.

ఇప్పుడైతే కేసు గెలిచినా పెద్ద లాభం లేదు. డబ్ల్యూటీవో అప్పీలు కోర్టుకు కొత్త జడ్జీలను పెట్టకుండ అమెరికా అడ్డం వడ్డది, 2019 డిసెంబర్ నుంచి అది నడుస్తలేదు. ఓడినోడు అప్పీలుకు పోతడు, అక్కడ ఇనేటోడు ఉండడు, ఫైలు గట్లనే పడి ఉంటది. మనదేశం సుత చక్కెర కేసుల ఓడినంక ఇదే పని చేసింది, దాసుకునేది ఏమున్నది.

భద్రత ముచ్చట కొంత ముందుగాలనే అనుకున్నం. 1947ల రాసిన గాట్ ఒప్పందంల 21వ నిబంధన ఒకటున్నది. దేశ భద్రతకు అవసరమని ఒక దేశం అనుకుంటే యాపార నియమాలు పక్కకు పెట్టొచ్చు అని. డెబ్బై ఏండ్లు దాన్ని అందరు జాగ్రత్తగ వాడిండ్రు. పొద్దున లేస్తే భద్రత అంటే ఇగ నియమాలెందుకు అని భయం. ఇప్పుడు ఆ భయం పోయింది. 2018ల అమెరికా ఉక్కు మీద సుంకం ఏసి భద్రత అన్నది.

మన పత్తికి ఈ భద్రత దెబ్బ కొత్తగాదు. పుల్వామా అయినంక 2019 ఫిబ్రవరిల మనం పాకిస్తాన్ సరుకుల మీద 200 శాతం సుంకం ఏసినం. ఆగస్టుల కశ్మీర్ 370 తీసినంక పాకిస్తాన్ మనతోని యాపారమే బంద్ చేసింది. అప్పటిదాక మన దూది కొనే దేశాలల్ల పాకిస్తాన్ ఒకటి. 2021 మార్చి 31న వాళ్ల ఆర్థిక కమిటీ "ఇండియా దూది, చక్కెర తెచ్చుకుందాం" అన్నది. వాళ్ల మిల్లులు దూది లేక ఎండుతున్నయి మరి. తెల్లారి ఏప్రిల్ 1న వాళ్ల క్యాబినెట్ "కుదరదు" అన్నది. ఒక్క దినం కోసం తెరిచిన తలుపు. ఏప్రిల్ ఫూల్ అనుకున్నరట కొందరు, గని నిజమే. నేను ఏ దేశం తప్పు, ఏ దేశం ఒప్పు అని చెప్తలేను. సైనికుల పానం ముంగట పత్తి ధర చిన్నదే కావొచ్చు. గని ఆ చిన్నదాన్ని సుత ఎవలో ఒకలు లెక్కగట్టి రాసిపెట్టాలె గద.

బంగ్లాదేశ్ కథ ఇంకా నడుస్తనే ఉన్నది. మన దూదికి, నూలుకు అది పెద్ద గిరాకి. 2024 ఆగస్టుల అక్కడ సర్కారు పడిపోయింది, సంబంధాలు చెడ్డయి. 2025 ఏప్రిల్‌ల వాళ్లు మన నూలును భూమి దారిన రానియ్యమన్నరు, మేల మనం వాళ్ల బట్టలను అదే దారిన రానియ్యమన్నం. ఇది నా థీసిస్‌ల రెండో అధ్యాయం, రాసినకొద్దీ మారుతున్నది. సర్కార్లు నా కోసం ఆగవు.

ఇగ మీరు అడిగేది నాకు తెలుసు: అక్కా, ఇది చదివితే ఏమొస్తది?

డిగ్రీల రాజనీతి గానీ, ఎకనామిక్స్ గానీ, చరిత్ర గానీ ఏది చదివినా ఈ దిక్కు రావొచ్చు. పీజీ అయినంక యూజీసీ నెట్ రాయాలె. అండ్ల రాజనీతి శాస్త్రం ఉంటది, అంతర్జాతీయ, ప్రాంతీయ అధ్యయనాలని వేరే సబ్జెక్టు ఉంటది, రక్షణ, వ్యూహాత్మక అధ్యయనాలని ఇంకోటి ఉంటది. 2024 నుంచి పీహెచ్‌డీ సీట్లకు సుత నెట్ స్కోరు పనికొస్తున్నది. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేండ్లు నెలకు 37,000, తర్వాత 42,000. నాకు రెండోసారి రాస్తే వచ్చింది. వచ్చినాడు మా అవ్వ "నౌకరొచ్చిందా" అన్నది, నేను "అవ్" అన్న, పెండ్లి సంబంధాలు ఒక ఏడు ఆగినయి. పైసలు నెలనెలా టైంకు వస్తయని మాత్రం అనుకోకుండ్రి. నాలుగు నెలలు రాక హాస్టల్‌ల మెస్ బిల్లుకు దోస్తుల దగ్గర చేబదులు తెచ్చుకున్న. నౌకర్లు సుత మస్తుగ ఉన్నయని అబద్ధం చెప్ప. కాలేజీల పాఠం చెప్పుడు, ఢిల్లీల విధాన సంస్థలు, ఎగుమతి కంపెనీలు, యూపీఎస్సీ, గింతే. వాణిజ్యమే ముఖ్యం అనుకునేటోళ్లకు ఐఐఎఫ్‌టీ ఢిల్లీల ఉన్నది, కాకినాడల సుత క్యాంపస్ పెట్టిండ్రు.

ఇంగ్లీష్ భయం ఉంటది, నాకూ ఉండె. డబ్ల్యూటీవో కాయితాలు ఇంగ్లీష్, ఫ్రెంచ్, స్పానిష్, ఈ మూడు భాషలల్లనే ఉంటయి. మొదటి ఆర్నెల్లు ఒక్కో పేజీకి గంట పట్టింది. పట్నంల పెరిగిన మా క్లాస్ పిల్లలు దాన్ని చకచకా చదివి, చర్చ చేస్తుండిరి. గని ఒకనాడు సెమినార్‌ల ఒకామె "రైతుకు మద్దతు ధర నచ్చకపోతే పత్తి దాచుకుని తర్వాత అమ్ముకోవచ్చు గద" అన్నది. నేను లేచి, ఇంట్ల పత్తి కుప్ప వోస్తే మనుషులు యాడ పండాలె, ఎలుకలు, నిప్పు భయం, తేమ తగ్గితే తూకం ఎంత తగ్గుతది, అప్పుకు మిత్తి ఎంత పెరుగతది, అన్నీ చెప్పిన. ఇంగ్లీష్‌ల తప్పులు పోయినయి. ఎవలూ నవ్వలె. రాసుకున్నరు.

దసరా అయినంక మళ్ల దీపావళికి ఊరికి పోయినప్పుడు మా గైడ్ సార్ అడిగిన సవాల్ కాకకు చెప్పిన, తెలుగుల, పత్తి ఏరుకుంట. సుంకం లెక్క ఇన్నడు. నాలుగువందల డెబ్బై అంటే కాసేపు మాట్లాడలె. నా కష్టం ఏందంటే కాకా, అన్న, సర్కారు దగ్గర మార్కెట్ యార్డు ధర ఉంటది, గని చిన్న రైతు ఊర్ల కాంటా పెట్టిన యాపారికి ఎంతకు అమ్మిండో యాడ రాసి ఉండదు. అది లేకుంటే సుంకం ఉన్నప్పుడు, లేనప్పుడు ధర ఎట్ల మారిందో పోల్చలేను. సుంకం 2022ల సుత ఏప్రిల్ నుంచి కొన్ని నెలలు తీసిండ్రు. 2012 మార్చిల ఎగుమతి బంద్ వెట్టి వారం తిరగకముందే మళ్ల తెరిసిండ్రు. ఆ దినాల ధరలు నాకు కావాలె.

కాక లేచి చేతులు దులుపుకొని ఇంట్లకు పోయిండు. పాత రేకు పెట్టె తెచ్చి ముందట వెట్టిండు. అండ్ల పాసు బుక్కులు, కరెంటు బిల్లులు, వాటి కింద దారం కట్టిన తక్‌పట్టీల కట్ట. యార్డులయి కొన్ని, ఊర్ల యాపారి తెల్ల చీటీ మీద రాసిచ్చినయి ఎక్కువ. తారీఖు, తూకం, ధర, కడత తీసింది, అన్నీ ఉన్నయి. అడుగున ఉన్నది 2009ది.

"యాపారి మళ్లెప్పుడన్న మాట మారుస్తడేమోనని దాచిన" అన్నడు. "గివి పనికొస్తయా?"

రాత్రి పన్నెండు దాక ఫోన్ల ఫోటోలు తీసుకున్న. 143 చీటీలు. తెల్లారి కాక నన్ను బండి మీద ఎక్కించుకుని ఎగువ వాడల ఇంకో ఇద్దరు ముగ్గురి ఇండ్లకు తీస్కపోయిండు, "మా పిల్లకు పాత చీటీలు కావాల్నట" అనుకుంట.